మస్టాంగ్ షాక్ టవర్లు కోసి తీసిన అనుభవం

ఇంజిన్ మార్చిన కారు కనబడితే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎంత పవర్ వస్తుంది? పాత బానెట్ కింద కొత్త ఇంజిన్‌కి చోటు ఎలా చేశావని అడిగేవాళ్లు తక్కువ. నా 1967 ఫోర్డ్ మస్టాంగ్ విషయంలో అసలు పనంతా అక్కడే జరిగింది. ఇంజిన్ దింపడం ఒక్క పూటలో అయిపోయింది. దానికి ముందు కొలవడం, గీయడం, కొయ్యడం, మళ్లీ కొలవడం నెలల తరబడి సాగింది. డాలస్ పక్కన మా ఇంటి గ్యారేజీలో, కారు ఎత్తే లిఫ్ట్ లేకుండా, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లూ వారాంతాల్లోనూ చేసిన పని ఇది. అందుకే ఇక్కడ ఇంజిన్‌కి అడ్డం వచ్చిన షాక్ టవర్ల కోత గురించే రాస్తున్నాను.

ముందు కారు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఏ పాత కారునైనా కొయ్యొచ్చని నేను అనుకోను. నాది మామూలు హార్డ్‌టాప్, అంటే కదలని ఇనుప పైకప్పు ఉండే రకం. దాని నంబరు 7ఆర్01టీ అని మొదలవుతుంది. 7 అంటే 1967, ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీ, 01 అంటే హార్డ్‌టాప్, టీ అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్. ఆ ఏడాది మోడల్లో మొత్తం 4,72,121 మస్టాంగ్‌లు తయారైతే అందులో 3,56,271 హార్డ్‌టాప్‌లే. నా చేతికి వచ్చేసరికి దానికి ఇంజిన్ లేదు, గేర్‌బాక్స్ లేదు. రోడ్డెక్కి ఎన్నేళ్లయిందో అమ్మినాయనకే గుర్తులేదు. అలాంటి కారుకి కొత్త ఇంజిన్ పెడితే దాన్ని మళ్లీ బతికించినట్టే అని నా మనసుకి అనిపించింది. అదే పుట్టినప్పటి ఇంజిన్‌తో ఉన్న కే కోడ్ ఫాస్ట్‌బ్యాక్ (హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్‌తో, వెనక్కి వాలే పైకప్పుతో వచ్చిన అరుదైన రకం) అయితే గ్రైండర్ దగ్గరికి కూడా తీసుకెళ్లను. ఎవరైనా తీసుకెళ్తానంటే వద్దని బతిమాలతాను.

పెట్టాలనుకున్నది కొయోటీ ఇంజిన్. ఫోర్డ్ 2011 మోడల్ మస్టాంగ్ జీటీతో తెచ్చిన 5.0 లీటర్ల వీ8 అది. నాది యాక్సిడెంట్ అయిన 2012 కారులోంచి తీసినది, 412 హార్స్‌పవర్. లెక్కకి 302 క్యూబిక్ అంగుళాలు, అంటే 1968లో మస్టాంగ్‌కి వచ్చిన పాత 302 ఇంజిన్ సైజే. కానీ పాతదాంట్లో వాల్వులు తెరిచే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్ట్, ఒక్కటే, అది బ్లాక్ మధ్యలో ఉంటుంది. అందుకే సిలిండర్ల మీద మూతల్లా ఉండే దాని హెడ్‌లు చిన్నవి, ఇంజిన్ సన్నగా ఉంటుంది. కొయోటీలో ఒక్కో హెడ్ మీద రెండేసి, మొత్తం నాలుగు క్యామ్‌షాఫ్ట్‌లు, 32 వాల్వులు. బ్లాక్ అల్యూమినియం కాబట్టి బరువుతో పేచీ లేదు. పైభాగం వెడల్పుతోనే వచ్చింది చిక్కంతా. ఇంజిన్ కొనకముందే దాని కొలతలు తీసుకుని థర్మాకోల్‌తో నమూనా కోసి బానెట్ కింద దింపి చూశాను. రెండు పక్కలా షాక్ టవర్లు అడ్డం. 1967లో ఫోర్డ్ ఈ కారుని కాస్త వెడల్పు చేసింది, 390 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజిన్ పట్టడానికి. ఆ వెడల్పు కూడా కొయోటీకి చాలదు.

ఈ షాక్ టవర్ అనేది ఏమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మస్టాంగ్ 1964 ఏప్రిల్‌లో బయటికొచ్చింది గానీ దాని అడుగుభాగం 1960 నాటి ఫోర్డ్ ఫాల్కన్‌ది. లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. రేకులన్నీ మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డింగ్ చేస్తే వచ్చిన పెట్టే కారు. ముందు చక్రం దగ్గర పైచెయ్యి, కిందచెయ్యి అని రెండు కంట్రోల్ ఆర్మ్‌లు ఉంటాయి. ఈ కారులో స్ప్రింగ్ పైచెయ్యి మీద కూర్చుంటుంది. స్ప్రింగ్ పై కొస టవర్ లోపలికి వెళ్లి దాని నెత్తికి ఆనుతుంది. షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగ్ మధ్యలోంచి పైకి వచ్చి అక్కడే బిగుసుకుంటుంది. అంటే కారు ముందుభాగం బరువంతా ఈ రెండు టవర్ల నెత్తిన ఉంటుంది. టవర్ ఆ బరువుని కిందికి ఫ్రేమ్ రెయిల్‌కి (అడుగున ముందుకి సాగే రేకు దూలం), ముందూ వెనకా ఏప్రన్ రేకులకి (ఇంజిన్‌కి రెండు పక్కలా ఉండే గోడలు) పంచుతుంది.

ఏళ్లు గడిచేకొద్దీ ఈ టవర్లు లోపలికి వాలతాయి. పాత మస్టాంగ్‌లు బాగుచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. టవర్ల నుంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య గోడ) పైన, ముందు అద్దం కింద ఉండే కౌల్‌కి వేసే ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అనే పట్టీ, రెండు టవర్ల మధ్య వేసే మాంటే కార్లో బార్ అనే కడ్డీ, రెండూ ఆ వాలు ఆపడానికే. నా కారు ఎంత వాలిందో చూద్దామని ఒక ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అరువు తెచ్చి పెట్టాను. కౌల్ దగ్గర బోల్టులు పడ్డాయి, టవర్ల దగ్గర రంధ్రాలు కలవలేదు. రంధ్రంలో సగం మేర రేకే కనబడుతోంది. పనికిరాని రేకు అని మనం అనుకుంటున్నది యాభై ఏళ్లకు పైగా ఎంత పని చేసిందో అది చూశాక తెలిసింది.

కాబట్టి టవర్ కోసేస్తే ఆ బరువు మొయ్యడానికి ఇంకోటి రావాలి. దానికి అమెరికాలో అందరూ వాడే దారి మస్టాంగ్ 2 తరహా సస్పెన్షన్. 1974 నుంచి 1978 వరకు వచ్చిన చిన్న మస్టాంగ్ డిజైన్ అది. దాంట్లో స్ప్రింగ్ కిందచెయ్యికీ, రెండు రెయిళ్లని కలిపే అడ్డదూలం క్రాస్‌మెంబర్‌కీ మధ్య కూర్చుంటుంది. బరువు పైకి ఎక్కకుండా కిందనే క్రాస్‌మెంబర్‌లోంచి రెండు ఫ్రేమ్ రెయిళ్లలోకి పోతుంది. స్టీరింగ్ కూడా ర్యాక్ అండ్ పినియన్ అవుతుంది. వెల్డింగ్ చేసుకునే క్రాస్‌మెంబర్, టవర్ పోయిన చోట మూసే రేకులు కిట్‌గా దొరుకుతాయి. అది గ్యారేజీలోకి వచ్చి, పెట్టె విప్పి, ప్రతి ముక్కా కారు కింద పెట్టి చూసుకున్నాకే కోత మాట ఎత్తాను. టవర్లు ముందే కోసేసి కిట్ కోసం డబ్బులు పోగుచేస్తూ ఆగిపోయినవాళ్ల కార్లు అమ్మకానికి వస్తూ ఉంటాయి. ముందుభాగం నేలని ఆనుకుని ఉంటుంది, కొనేవాడు ఉండడు.

విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ టింకరింగ్ పని చేస్తాడు. లారీ క్యాబిన్లు, బస్సుల బాడీలు, పాత అంబాసిడర్లు, ఆయన సుత్తి పడని బండి లేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ షెడ్డులోనే తిరిగేవాణ్ని. వీడియో కాల్‌లో కారు చూపించి, ఇది తీసెయ్యాలి మామయ్యా అంటే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ దగ్గరికి పెట్టి టవర్ అడుగుభాగం చూపించమన్నాడు. తర్వాత పక్కలు, తర్వాత పైఅంచు.

"కొయ్యడం ఎంతసేపురా, గ్రైండర్ ఉంటే పిల్లాడు కూడా కోస్తాడు. ఏది కొయ్యకూడదో ముందు సుద్దతో గీసుకో. గీత దాటకు."

అదే చేశాం. 'చేశాం' అంటున్నాను, ఎందుకంటే పక్కింటి పెద్దాయన లేకపోతే ఈ పని అయ్యేది కాదు. ఆయన జీవితమంతా రైలు వ్యాగన్లకి వెల్డింగ్ చేసి రిటైరయ్యాడు. మా గ్యారేజీలో లైటు వెలిగితే చాలు, కుర్చీ తెచ్చుకుని వచ్చేవాడు.

విప్పగలిగినవన్నీ ముందు విప్పేశాం: బంపర్, గ్రిల్, బానెట్, ఫెండర్లు (ముందు చక్రాల పైరేకులు), రేడియేటర్, వైరింగ్. బ్యాటరీ అప్పటికే లేదు. పెట్రోల్ ట్యాంకు మాత్రం తప్పకుండా దింపాలి. ఈ మస్టాంగ్‌లో ట్యాంకు పైభాగమే డిక్కీ ఫ్లోర్. నిప్పురవ్వలు ముందు, ట్యాంకు వెనక కదా అని వదిలేసేవాళ్లు ఉన్నారు. పెట్రోల్ ఆవిరికి ముందూ వెనకా తెలియదు. ట్యాంకు దింపి, గ్యారేజీ బయట పెట్టి, పైపు మూతికి మూత బిగించాం. స్ప్రింగులు తియ్యడం ఇంకో ప్రమాదం. కారు గాల్లో ఉన్నా స్ప్రింగు ఇంకా నొక్కుకునే ఉంటుంది. దానికి లోపలినుంచి బిగించే కంప్రెసర్ ఉంటుంది, టవర్ నెత్తిన షాక్ అబ్జార్బర్ రంధ్రంలోంచి దింపాలి. దాంతో పూర్తిగా బిగించి, స్ప్రింగు వదులుగా కదిలితేనే పైచెయ్యి బోల్టులు ముట్టుకోవాలి. ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్లల్ని గ్యారేజీలోకి రానివ్వలేదు.

తర్వాత నంబరు. 1967 మస్టాంగ్‌లో ఇందాక చెప్పిన గుర్తింపు నంబరు, అంటే వీఐఎన్, డ్రైవర్ వైపు ఏప్రన్ పైఅంచు మీద కొట్టి ఉంటుంది. ఫెండర్‌కి అక్కడ చిన్న గాడి ఉంటుంది, బానెట్ ఎత్తితే దాంట్లోంచి నంబరు కనబడుతుంది. అంటే కోత జరిగే చోటికి జానెడు దూరంలోనే కారు గుర్తింపు ఉంది. ఆ నంబరు తీసెయ్యడం, చెరపడం అమెరికాలో ఫెడరల్ నేరం. నంబరు లేని కారు ఎంత బాగుచేసినా దాన్ని కారుగా రిజిస్టర్ చేయించుకోవడం గగనం. కిట్లు అమ్మేవాళ్లలో కొందరు ఏప్రన్ మొత్తం తీసేసి కొత్త నున్నటి రేకు వేసుకోమంటారు. ఫోటోలో చాలా అందంగా ఉంటుంది. నేను ఆ దారికి వెళ్లలేదు. పైఅంచు పట్టీని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచి, కింద మాత్రమే కొయ్యాలని నిర్ణయించుకున్నాను. నంబరు మీద మెత్తటి గుడ్డ, దాని మీద రేకు ముక్క, చుట్టూ టేపు, ఆ టేపు చుట్టూ ఎర్ర గీత. పని పూర్తయ్యేదాకా ఆ రేకు తియ్యలేదు.

ఇండియాలో ఉన్న మిత్రులు మేమూ మా అంబాసిడర్‌కి ఇలా చేసుకోవచ్చా అని అడుగుతుంటారు. అక్కడ నియమాలు వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసినదానికి, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీవో అనుమతి ఉండాలి. ఇంకో విషయం, 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాల్లో యాభై ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది గానీ, ఛాసిస్‌లోనో బాడీలోనో ఇంజిన్‌లోనో మార్పు చేసిన బండికి అది వర్తించదు. మీ తాతగారి మార్క్ 2 షెడ్డులో ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టుకోండి, గ్రైండర్ పెట్టకండి. నేనుండే టెక్సస్‌లో ఇంత పాత కారుకి పొగ పరీక్ష ఉండదు. 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ కూడా తీసేశారు. అంటే నా వెల్డింగ్ గట్టిదో కాదో చూసే ప్రభుత్వ మనిషి ఎవరూ లేరు. దాంతో నా మీద బరువు తగ్గలేదు, పెరిగింది. అదే కారులో నా భార్యాపిల్లలు కూర్చోవాలి.

కారుని జాక్ స్టాండ్ల మీద ఎక్కించాం. వెనక యాక్సిల్ కింద రెండు, ముందు ఫైర్‌వాల్ దగ్గర ఫ్రేమ్ రెయిళ్ల కింద రెండు, ఇంకా ముందుకి రెయిళ్ల చివర రెండు. లేజర్ లైన్ పెట్టి నాలుగు పక్కలా మట్టం చూశాం. ఆపైన చదరపు గొట్టాలు కోసి తాత్కాలికంగా వెల్డింగ్ చేశాం: ఎడమ రెయిల్ నుంచి కుడి రెయిల్‌కి ఒకటి, ఒక్కో పక్క ఫైర్‌వాల్ నుంచి రేడియేటర్ సపోర్ట్‌కి ఒకటి. టవర్లు పోయాక ముందుభాగాన్ని కదలకుండా పట్టుకునేవి ఆ గొట్టాలే. అప్పుడు మూలకొలతలు తీశాం. ఎడమ రెయిల్ ముందుకొస నుంచి కుడి ఫైర్‌వాల్ రంధ్రానికి, కుడి రెయిల్ ముందుకొస నుంచి ఎడమ రంధ్రానికి. రెండూ సమానంగా ఉంటే చట్రం చదరంగా ఉన్నట్టు. అంగుళంలో ఎనిమిదో వంతు కంటే ఎక్కువ తేడా వస్తే ముందు దాన్ని సరిచెయ్యాల్సి వచ్చేది. అదృష్టం కొద్దీ నా కారు ముందు నుంచి ఎక్కడా గుద్దుకోలేదు. కొలతలన్నీ గోడ మీద మార్కర్‌తో రాసి పెట్టాను.

అన్నిటికంటే ముఖ్యమైన గీత ఇంకోటి ఉంది, చక్రం మధ్యగీత. కొత్త క్రాస్‌మెంబర్ ఎక్కడ కూర్చోవాలో ఆ గీతే చెబుతుంది. పాత సస్పెన్షన్ విప్పేశాక కారు మీద ఆ గుర్తు ఎక్కడా మిగలదు. అందుకే పైన చెప్పిన విప్పదీతలన్నిటికంటే ముందే, చక్రాలు నేల మీద ఉండగానే, హబ్ మధ్యనుంచి దారానికి కట్టిన గుండు వదిలి నేల మీద గుర్తు పెట్టాం. దాన్ని చదరంగా రెయిల్ మీదికి తీసుకెళ్లి సూదితో గీశాం. సుద్ద చెరిగిపోతుంది, పెయింటు కాలిపోతుంది. రేకులో గీరిన గీత ఉంటుంది. మామయ్య అది చూసి, "ఇంకో గుర్తు రెయిల్ కిందివైపు కూడా పెట్టు, పైది వెల్డింగ్‌లో పోతుంది" అన్నాడు. ఆ రెండో గుర్తే చివరికి అక్కరకొచ్చింది.

ఇక స్పాట్ వెల్డులు వెతకడం. ఈ పనంతటిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. ఫ్యాక్టరీలో రెండు రేకుల్ని కలిపి రెండు రాగి కొసల మధ్య నొక్కి కరెంటు పంపిస్తే మధ్యలో పైసా బిళ్ల అంత మేర కరిగి అతుక్కుంటుంది. వాటి మీద పెయింటు, దాని మీద కీళ్లలో పూసిన సీలర్, దాని మీద తారు, దాని మీద దశాబ్దాల ఆయిలు మడ్డి. ముందు గరిటెతో గీకాం, తర్వాత వైర్ బ్రష్ వేశాం. ఊపిరికి మాస్క్ తప్పనిసరి, ఆ కాలం పెయింట్లలో సీసం ఉంటుంది. మెరిసే రేకు బయటపడ్డాక కూడా వెల్డులు ఒక్కసారిగా కనబడవు. టార్చ్‌ని రేకుకి ఆనించినట్టుగా ఏటవాలుగా పెడితే ఒక్కో గుంట నీడ పడుతుంది. నీడ పడిన ప్రతిచోటా సుద్దతో సున్నా చుట్టుకుంటూ పోయాం. కొన్నిచోట్ల క్రమంగా వేలెడు దూరంలో ఒకటి ఉంటే, కొన్నిచోట్ల రెండు మూడు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. టవర్ లోపల పైచెయ్యి బిగిసే చోట రేకు మీద ఇంకో రేకు వేసి బలం ఇచ్చారు. అక్కడ మూడు పొరలు.

కోత రెండు విడతలు. మొదట టవర్ మధ్యభాగం మొత్తం ముతకగా కోసి తీసెయ్యాలి. రెయిల్‌కి అంగుళం పైన, ఏప్రన్ అతుకుకి అంగుళం లోపల కొయ్యాలి. అతుకు అంచులు కారు మీదే మిగలాలి. ఒకేసారి అతుకు దగ్గరే కొయ్యబోతే చక్రం జారి రెయిల్‌లోకి దిగుతుంది. రెయిల్ రేకు మందమైనదేమీ కాదు. నాలుగున్నర అంగుళాల గ్రైండర్, మిల్లీమీటరు మందం కటింగ్ వీల్. మూలల్లో గ్రైండర్ పట్టని చోట గాలితో నడిచే చిన్న రంపం వాడాం. ముందు అద్దం మీద వెల్డింగ్ దుప్పటి కప్పాం. గ్రైండర్ రవ్వలు వేడిగా ఉండి అద్దంలోకి దిగబడతాయి, తర్వాత ఎంత తుడిచినా ఆ చుక్కలు పోవు. చాలామంది పెయింటు కాపాడుకుని అద్దం సంగతి మర్చిపోతారు.

కుడివైపు టవర్ మొదట తీశాం. మూడు వైపులా కోత పూర్తయ్యి పైఅంచు ఒక్కటే పట్టుకుని ఉన్నప్పుడు పెద్దాయన గ్రైండర్ ఆపించి, టవర్ కింద చెక్క దిమ్మె పెట్టించాడు. బరువు వీల్ మీద పడితే వీల్ పగులుతుంది, ముఖాన తగులుతుంది. దిమ్మె మీద ఆనాక మిగిలిన నాలుగు అంగుళాలు కోశాను. టవర్ దిమ్మె మీదికి కూర్చుంది, ఇద్దరం చేతులతో ఎత్తి బయట పెట్టాం. వెంటనే మూలకొలతలు మళ్లీ తీశాం. గోడ మీద రాసినదానికీ టేపుకీ తేడా లేదు. గొట్టాలు వాటి పని చేశాయి.

రెండో విడత అసలైన ఓపిక పని. మిగిలిన అంచుల మీద స్పాట్ వెల్డులు ఒక్కొక్కటే తియ్యాలి. దీనికి మామూలు డ్రిల్ బిట్ పనికిరాదు, అది రెండు పొరల్నీ తొలిచేస్తుంది. స్పాట్ వెల్డ్ కట్టర్ అని చదునైన మూతి ఉండే బిట్ ఉంటుంది, మధ్యలో చిన్న ములుకు. సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, ఒక చుక్క ఆయిల్ వేసి, తక్కువ స్పీడులో నొక్కాలి. పైరేకు తెగే క్షణం చేతికి తెలుస్తుంది. అప్పటిదాకా చుట్టలు చుట్టలుగా వచ్చే పొట్టు సన్నగా తుంపులు తుంపులుగా మారుతుంది, గుంట అడుగున పలుచటి వలయం కనబడుతుంది. అక్కడ ఆపాలి. తర్వాత పలుచటి ఉలిని రెండు రేకుల మధ్య పెట్టి సుత్తితో చిన్నగా కొడితే అంచు టప్పుమని లేస్తుంది. లేవకపోతే బలం పెట్టకూడదు. ఎక్కడో ఇంకో వెల్డు దాక్కుని ఉందని అర్థం. మళ్లీ టార్చ్, మళ్లీ సుద్ద.

పొరలు విడిపోతుంటే మధ్యలో పెయింటు లేని ఉత్త ఇనుము కనబడింది. కొన్నిచోట్ల బూడిదరంగులో శుభ్రంగా ఉంది, కొన్నిచోట్ల ఎర్రటి పొడి రాలింది. రేకులు కలిపాకే పెయింటు వేస్తారు కాబట్టి ఆ మధ్యకి పెయింటు ఎప్పుడూ చేరదు. అన్నిటికంటే ఘోరంగా ఉన్నది బ్యాటరీ ట్రే కింద ఏప్రన్. ఈ కార్లలో బ్యాటరీ కుడి ముందు మూలన ఉంటుంది, యాసిడ్ కారి కింది రేకుని తినేస్తుంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే అవతలికి వచ్చింది. అది కొయ్యాలనుకున్న గీతకి బయట ఉంది, అయినా కోశాం. ఆరోగ్యంగా ఉన్న రేకు తగిలేదాకా కోసి, అదే మందం కొత్త రేకుతో పూడ్చాం.

పెద్దాయనకీ నాకూ ఒకచోట అభిప్రాయం కలవలేదు. టవర్ పోయాక ఏప్రన్ కిందిభాగం వంకరటింకర అంచులతో చూడ్డానికి బాగోదు, మొత్తం తీసేసి చదునైన రేకు వేద్దామన్నాడు. వెల్డింగ్‌లో ఆయనకి తెలిసినంత నాకు తెలియదు. కానీ ఫెండర్‌ని మోసేది, రేడియేటర్ సపోర్ట్‌ని ఫైర్‌వాల్‌తో కలిపేది ఆ ఏప్రనే. దాంట్లోని మడతలు అందం కోసం పెట్టినవి కావు. మడత ఉన్న రేకు వంగదు, చదును రేకు డప్పులా కొట్టుకుంటుంది. మామయ్యని అడిగితే ఆయన నా వైపే మాట్లాడాడు. "మడత తీస్తే దాని బదులు ఇంకో మడత పెట్టాలి. ఉన్నదాన్ని ఎందుకు చెడగొట్టడం?" పెద్దాయన ఆ మాట విని తల ఊపి, వంకర అంచుల్ని తానే గంటలకొద్దీ కూర్చుని సాఫు చేశాడు.

పని ఆపిన ప్రతి రాత్రీ ఒక గంట గ్యారేజీలోనే ఉండేవాళ్లం, పక్కన నీళ్ల గొట్టం పెట్టుకుని. ఫ్లోర్ మీద ఫ్యాక్టరీ అంటించిన తారు షీట్లు ఉంటాయి. వెల్డింగ్ వేడికి అవి అవతలి వైపు నెమ్మదిగా రాజుకుంటాయి, మంట కనబడదు. ఒకసారి ఫైర్‌వాల్ వెనక సన్నగా పొగ లేచింది. చెయ్యి పెట్టి చూస్తే రేకు కాలుతోంది. తడిగుడ్డ వేసి ఆర్పి, మర్నాడు ఆ చుట్టుపక్కల తారు మొత్తం గీకేశాం.

రెయిళ్లు శుభ్రమయ్యాక వెల్డింగ్ తట్టుకునే జింక్ ప్రైమర్ కొట్టి, క్రాస్‌మెంబర్‌ని సూదిగీతకి సరిపెట్టాం. పైగీత వెల్డింగ్ మచ్చల్లో అప్పటికే పోయింది, కిందిదాంతో సరిపెట్టాం. చక్రం మధ్యగీత రెండు వైపులా సరిగ్గా ఉండాలి, క్రాస్‌మెంబర్ అటూ ఇటూ మట్టంగా ఉండాలి, ఎడమా కుడీ రెయిళ్ల నుంచి సమదూరంలో ఉండాలి. మూడూ కలిసేదాకా బిగింపులు విప్పుతూ బిగిస్తూనే ఉన్నాం. ముందు చుక్కలుగా అతికించి, కొలిచి, ఆ తర్వాతే అసలు వెల్డింగ్. ఒకే చోట పొడుగ్గా వేస్తే వేడికి రెయిల్ లాగుతుంది. అందుకని ఎడమన రెండంగుళాలు, కుడిన రెండంగుళాలు, మధ్యలో చల్లారనివ్వడం. ప్రధాన అతుకులన్నీ పెద్దాయనే వేశాడు, నేను టవర్ పోయిన చోట మూసే రేకులకి రంధ్రాల్లో ప్లగ్ వెల్డులు వేశాను. ఇంట్లో వెల్డింగ్ నేర్చుకుని బరువు మోసే చోట మొదటి అతుకు వెయ్యడం నాకు సమ్మతం కాదు. ఆ అతుకు తెలిసిన చెయ్యితోనే వేయించండి, డబ్బిచ్చి అయినా సరే.

తాత్కాలిక గొట్టాలు కోసేశాక చివరిసారి మూలకొలతలు తీశాం. గోడ మీద ఉన్న అంకెలే వచ్చాయి.

తర్వాత గేర్‌బాక్స్ కోసం ముందు సీట్ల మధ్య ఉండే టన్నెల్‌లో చేసిన మార్పు చిన్నది, దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. క్లచ్ హైడ్రాలిక్ అయింది కాబట్టి పాత లింకేజీ వెళ్లే రంధ్రం మూసేశాం. లోపల తుప్పు పట్టకుండా రెయిళ్లలోకి సన్న గొట్టంతో మైనం మందు కొట్టాం. కొత్త అతుకులన్నిటికీ సీలర్, దాని మీద ఎపాక్సీ ప్రైమర్, ఆ మీద కారు అసలు రంగు.

కొయోటీ దిగినప్పుడు రెండు పక్కలా హెడ్‌కీ ఏప్రన్‌కీ మధ్య నా పిడికిలి పట్టేంత ఖాళీ వచ్చింది. ఎగ్జాస్ట్ హెడర్లు కింది నుంచి ఎక్కాయి, స్టీరింగ్ షాఫ్ట్‌కి తగలడం లేదు. స్పార్క్ ప్లగ్‌లు పైనుంచే మార్చుకోవచ్చు. చోటు చాలనిది ఒక్కటే, డ్రైవర్ వైపు వాల్వ్ కవర్ వెనక, బ్రేక్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్. పెద్ద గుండ్రటి వాక్యూమ్ బూస్టర్ అక్కడ పట్టదు. పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేసే హైడ్రోబూస్ట్ యూనిట్ సన్నగా పొడుగ్గా ఉంటుంది, దాన్ని పెడుతున్నాను. దాని బ్రాకెట్‌కి ఫైర్‌వాల్ మీద లోపలివైపు ఒక బలం రేకు వెయ్యాలి. కొలతలు తీసి మామయ్యకి పంపాను, ఆయన అట్టముక్క మీద గీసి ఫోటో పెట్టాడు. ఈ శనివారం ఆ రేకు కోస్తాను.